కృంగినవారికి ఉపవాసమా?

వడ్డేపల్లి ప్రాంతములోని ఒక సంఘములో, పత్తి విత్తనపు చేలలో క్రాసింగు పనులు ముగిసిన పిమ్మట, మూడు రాత్రులు ఉజ్జీవ కూటములు జరిగినవి. చివరి రాత్రి ఒక యౌవనుడు వేదిక మీదికి వచ్చి, పదునాలుగు నెలలుగా తాను మ్రింగుచుండిన గోలీల అట్టను జేబులోనుండి తీసి, అందరు చూచుచుండగా దానిని నలిపి పారవేసెను. జనులు చప్పట్లు కొట్టిరి. ప్రసంగీకుడు మైకు చేతపట్టుకొని, మనస్సు బాగుండుటకు గోలీ మ్రింగువాడు క్రీస్తుకంటె గోలీని ఎక్కువగా నమ్మినవాడని చెప్పెను. నేను వెనుక బల్లమీద కూర్చుండి యుంటిని. లేచి మాటలాడలేదు. పిలువబడి వచ్చిన సేవకుని అందరి యెదుట ఖండించుట మర్యాద కాదని తలంచితిని.

ఆ మర్యాదకు వెల యెంతయో మూడు వారముల తరువాత తెలిసెను. ఆ యౌవనుడు చేలో కొట్టు పురుగుల మందు త్రాగగా, నడిరాత్రి ఆటోలో వేసికొని కర్నూలుకు తీసికొనిపోయిరి. బ్రదికెను. దేవునికి స్తోత్రము. అయితే ఆ రాత్రి చప్పట్లు కొట్టిన మూడు వందల మందిలో ఆసుపత్రికి పోయి వానిని చూచినవారు ఇద్దరే. ప్రసంగీకుడు అప్పటికి వేరొక జిల్లాలో వేరొక వేదిక మీద నుండెను.

ఈ పత్రికలో నేను సాధారణముగా వాక్యధ్యానములు వ్రాయుచుందును. ఈ నెల పోట్లాడుటకు వ్రాయుచున్నాను. చదువరులు క్షమింపవలెనని అడుగను. చివరి వరకు చదువవలెనని మాత్రము అడుగుచున్నాను.

డిప్రెషన్ అను మాట ఇప్పుడు మన పల్లెలలోను వినబడుచున్నది గాని, రోగి నోట ఆ మాట రాదు. "తల బరువుగుంది", "ఒళ్లంత గుంజుతుంది", "గుండె దడదడ కొట్టుకుంటుంది", "మూడుగొట్టంగనే తెలివైతది, మళ్ల నిద్ర పట్టది" అని చెప్పుదురు. ఊరిలోని ఆర్.ఎం.పి. ఒక సెలైను ఎక్కించి, బలమునకని ఒక సూది పొడిచి పంపును. రెండు వారములకు మించి దినమంతయు మనస్సు చచ్చినట్లుండి, అన్నము సహింపక, నిద్రపట్టక, దేనియందును ఆశ లేక, తాను పనికిమాలినదాననని యొక తల్లి అనుకొనుచున్న యెడల, అది సోమరితనము కాదు, పొగరు కాదు, దాచిపెట్టిన పాపము కాదు. మూత్రపిండమునకు, కాలేయమునకు రోగము వచ్చినట్లే యిదియు ఒక రోగము. కొన్నిసార్లు థైరాయిడు తగ్గినను, రక్తము తక్కువైనను ఈ లక్షణములే కనబడును గనుక, రక్తపరీక్ష కూడ చేయింపవలెను. రోగము స్వల్పమైనప్పుడు ఓపికగా మాటలాడువారుంటే చాలును. ముదిరినప్పుడు మందు కావలెను. ఆ మందు జ్వరపు గోలీ వంటిది కాదు. పని ఆరంభించుటకే రెండు మొదలు నాలుగు వారములు పట్టును. బాగైన తరువాత కూడ కనీసము ఆరు నెలలు మ్రింగవలెను. నడుమ ఒక్కసారిగా మానివేసినవానికి తలతిరుగుట, కలవరము, నిద్రలేమి వచ్చును. రోగము మరల తిరుగబడును. వేదిక మీద అట్ట నలిపినవానికి ఈ సంగతి యెవరు చెప్పిరి?

ఇక ప్రసంగీకుల వాదములను చూతము. వారు సాధారణముగా ఆసా రాజును పట్టుకొందురు. పాదరోగము వచ్చినప్పుడు అతడు వైద్యులను వెదకెను గనుక చచ్చెనట. రెండవ దినవృత్తాంతములు పదునారవ అధ్యాయమును నెమ్మదిగా చదువుడి. అతడు యెహోవాను విడిచి వైద్యులను మాత్రమే వెదకెనని అక్కడ నిందింపబడెను. అంతకు ముందే తన్ను గద్దించిన దీర్ఘదర్శిని అతడు చెరలో వేయించెను. దేవుని విడిచినది తప్పు; వైద్యుని పిలిచినది కాదు. హిజ్కియా సంగతి మన కూటములలో వినబడదు. ఆ రాజు గోడతట్టు ముఖము త్రిప్పుకొని యేడ్చెను, ప్రార్థించెను, ప్రార్థన వినబడెను, పదునైదు సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము చేయబడెను. అటు తరువాత యెషయా యేమి చేసెను? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. ప్రార్థనకు జవాబు వచ్చిన పిమ్మటనే ప్రవక్త మందు తెప్పించెను! ప్రార్థన వినబడెను గనుక ముద్ద యెందుకని హిజ్కియా దానిని తీసి పారవేసి యుంటే మన ప్రసంగీకులు వానిని మెచ్చుకొనెదరేమో.

రెండవ వాదము దయ్యమని. దయ్యములు లేవని నేను చెప్పబోవుటలేదు. అయితే మత్తయి సువార్త నాలుగవ అధ్యాయపు చివర, ప్రభువునొద్దకు తేబడినవారి జాబితాలో దయ్యము పట్టినవారు వేరు, చాంద్రరోగులు వేరు, పక్షవాయువు గలవారు వేరు. సువార్తికుడు వేరు చేసి చెప్పినదానిని మనమెందుకు కలిపివేయుచున్నాము? బాలెంతరాలు పసిబిడ్డను ముట్టక గోడవైపు తిరిగి పండుకొన్న యెడల, ఆమె జుట్టు పట్టుకొని లాగి దయ్యమా బయటికి రమ్మని అరచువానికి ఏ అధ్యాయము ఆధారము?

మూడవది, ఎల్లప్పుడును ఆనందింపవలెనని పౌలు ఫిలిప్పీయులకు వ్రాసినాడు గదా, విశ్వాసికి దుఃఖమేల యని. ఆ పత్రికలోనే రెండవ అధ్యాయము చూడుడి. ఎపఫ్రొదితు రోగియై చావునకు సిద్ధమైనప్పుడు పౌలు వానిని గద్దింపలేదు. వాడు చనిపోయి యుంటే తనకు దుఃఖము మీద దుఃఖము కలిగి యుండునని ఒప్పుకొనెను. ఆనందింపుడని వ్రాసిన చేతితోనే ఆ మాటయు వ్రాసెను.

వాదములు చాలును. మా సంఘములోని యొక సహోదరిని గూర్చి చెప్పవలెను. ఆమె ముప్పది యేండ్లు నర్సుగా పనిచేసి, అందులో కొన్నేండ్లు మానసిక రోగుల వార్డులో సేవచేసి, ఉద్యోగ విరమణ తరువాత తల్లిగారి ఊరికి వచ్చినది. మన పాలమూరు సంఘముల చరిత్రలో నర్సులు కొత్తవారు కారు. మెనోనైట్ బ్రదరెన్ మిషను తరపున 1907లో వచ్చిన డాక్టరు కాథరీనా షెల్లెన్‌బర్గ్ గారు 1945లో మరణించు వరకు ఈ ప్రజల మధ్యనే వైద్యము చేసిరి. తరువాత జడ్చర్లలో మిషను ఆసుపత్రి వెలసెను. మన ఆడబిడ్డలు అనేకులు నర్సింగు నేర్చుకొని దేశదేశములలో రోగులను కనిపెట్టుచున్నారు. వారు పంపిన డబ్బుతో మందిరములకు స్లాబు వేసికొంటిమి. గాని వారిలో ఒకతె ఊరికి వచ్చి మన మధ్య కూర్చుండినప్పుడు, రక్తపోటు చూచుటకు తప్ప మరి దేనికిని ఆమెను పిలువము.

ఒకనాడు ఒక పెద్ద నన్ను ప్రార్థనకు పిలిచెను. వారి కోడలు రెండవ కాన్పు అయిన మూడు నెలలకు లేవకుండ పడియున్నది. నేను ఈ సహోదరిని వెంట రమ్మంటిని. నేను బైబిలు తీసి కూర్చుంటిని. ఆమె మంచము ప్రక్క నేలమీద కూర్చుండెను. "ఎట్లున్నవు?" అని అడుగలేదు. "బిడ్డా, నేను పక్కన కూసుంట. నువ్వు మాట్లాడకున్నా ఏం గాదు" అనెను. అరగంట యేమియు మాటలాడలేదు. నాకు ఆ మౌనము భరింపశక్యము కాలేదని ఒప్పుకొనుచున్నాను. రెండుసార్లు గొంతు సవరించుకొంటిని. యోబు స్నేహితులు ఏడు దినములు మాటలాడక కూర్చుండినప్పుడు మేలు చేసిరనియు, నోరు తెరచిన తరువాతనే చెడగొట్టిరనియు నేను పాఠశాలలో పరీక్షకు వ్రాసినవాడను.

పిమ్మట ఆమె దువ్వెన తెప్పించి ఆ తల్లి జడ విప్పి దువ్వుచు, మెల్లగా అడిగెను: "బిడ్డా, సచ్చిపోవాలె అనిపిస్తున్నదా?"

నేను ఉలికిపడితిని. ఆ తల్లి కన్నులు మూసికొనియే, "అనిపిస్తుంది" అనెను.

"ఎట్ల అనుకున్నవు?"

"కొట్టంల పత్తి మందు డబ్బ ఉంది."

సహోదరి భర్తను పిలిచి, అప్పుడే ఆ డబ్బాను, ఇంటిలో మిగిలిన మందులన్నిటిని తీయించి, ఊరి బయట పాలివాని గదిలో పెట్టించి తాళము వేయించెను. తిరిగి వచ్చునప్పుడు నేను, అమ్మా, ఆ మాట అడిగి లేని ఆలోచన కలిగించితివేమో యంటిని. "అయ్యగారూ, ఆలోచన నేను పెట్టలే. అది ముందుగాలనే ఉంది. అడిగేటోళ్లు లేక లోపలనే ఉడుకుతుంది" అని చెప్పెను. అడుగుట వలన ఆలోచన పుట్టదని వైద్యులును చెప్పుదురని నేను తరువాత తెలిసికొంటిని.

మందు డబ్బా సంగతి మనవంటి పత్తిసీమకు ప్రాణములతో కూడినది. గద్వాల, అయిజ, వడ్డేపల్లి భూములలో పత్తి విత్తనము పండించువారి యిండ్లలో పురుగుల మందు లేని యిల్లు అరుదు. మనుష్యుని గుండెలో చావు తలంపు ఎక్కువభాగము కొంతసేపు ఉప్పొంగి తగ్గునట్టిది; ఆ సేపున చేతికి ఏమి దొరకునో దానినిబట్టి బ్రదుకో చావో తేలును. శ్రీలంకలో మిక్కిలి విషపూరితమైన మందులను ఒకటొకటిగా నిషేధించిన పిమ్మట, 1995 తరువాతి ఇరువది యేండ్లలో ఆత్మహత్యలు సుమారు 70 శాతము తగ్గినవి. అక్కడ జనుల దుఃఖము అంతగా తగ్గెనా? లేదు, విషము దూరమాయెను. తాళము చెవి దాచిపెట్టు భర్త గొప్ప వేదాంతి కానక్కరలేదు.

సహోదరి ఆ యింటివారికి నేర్పిన సంగతులు వినుడి. పళ్లెము నిండ అన్నము పెట్టి తినుమని బలవంతపెట్టవద్దు. జొన్న అంబలి గాని మజ్జిగ గాని చిన్న గ్లాసులో గంటకొకసారి ఇయ్యుడి. తెల్లవారుజామున మూడు మొదలు ఆరు వరకు ఈ రోగము బరువెక్కువ. ఆ వేళ ఎవరైన ఒకరు మేలుకొని ప్రక్కన నుండుడి. గోలీలు అత్తగారి యొద్ద నుండవలెను. ఒక్కొక్కటే ఇచ్చి, మ్రింగెనో చెంగున దాచెనో చూడవలెను. బిడ్డను తల్లి ఒడిలో పెట్టుడి గాని ఆమెను బిడ్డతో ఒంటరిగా విడువకుడి. "నీకేం తక్కువైంది?" అను మాట ఆ యింటిలో ఎవరును అనకూడదు. కొంచెము లేచి కూర్చుండగలిగినప్పుడు ఎండు మిరపకాయల తొడిమెలు తీయుట వంటి చిన్న పని చేతికియ్యుడి. నాలుగు కాయలు తీసి మానినను తీసిన నాలుగింటిని చూపి సంతోషింపుడి. అన్నిటికంటె భయపడవలసినది మందు మొదలుపెట్టిన తొలి వారములనట. ఒంటికి బలము ముందు వచ్చును, మనస్సులోని చీకటి తరువాత పోవును. ఆ రెంటి నడుమ చేయాలనుకొన్నది చేయుటకు శక్తి కలుగును. బాగుపడుచున్నదని యింటివారు కావలి మానునది సరిగా అప్పుడే.

వారు ఆమెను కర్నూలు తీసికొనిపోయిరి. ఇప్పుడామె పొలమునకు పోవుచున్నది. కొన్ని దినములు బాగుండును, కొన్ని దినములు బాగుండదు. సాక్ష్యము చెప్పుమని మేమామెను వేదిక మీదికి పిలువలేదు.

బదరీవృక్షము క్రింద ఏలీయా తన ప్రాణము తీసికొమ్మని దేవునికి మొరపెట్టినప్పుడు జరిగినది ఇదియే గదా! దూత ప్రసంగము చేయలేదు. కర్మెలు కొండమీద అగ్ని దింపినవాడవు నీకు భయమేల యని గద్దింపలేదు. ముట్టి లేపెను, నిప్పులమీద కాల్చిన రొట్టెయు నీళ్లబుడ్డియు తల దగ్గర పెట్టెను. అతడు తిని మరల పండుకొనెను, పండుకొననిచ్చెను. రెండవమారు వచ్చి మరల ముట్టి, తినుమనెను. హోరేబులో దేవుడు వానితో మాటలాడినది ఆ భోజనముల తరువాత, నలువది దినముల తరువాత.

నేనేమి చేసితిని? ఇరువది రెండేండ్ల క్రితము, క్రొత్తగా ఒక సంఘమునకు వచ్చిన దినములలో, ఒక రైతు నా యొద్దకు వచ్చెను. విత్తనము పరీక్షలో నిలువలేదని ఆ యేడు వానికి సొమ్ము రాలేదు. అప్పు మీద అప్పు. నెల దినములుగా సరిగా అన్నము తినలేదు, నిద్రపోలేదు. నేను హెబ్రీ, గ్రీకు చదువుకొని వచ్చినవాడను. తినని మనిషికి మూడు దినముల ఉపవాసము చెప్పితిని. నిద్రలేని మనిషిని రాత్రంతయు మోకాళ్లమీద నుండుమంటిని. విశ్వాసము తక్కువని కూడ చెప్పితిని. వాని అప్పు గోలీతో తీరునని ఇప్పుడును నేను చెప్పను. అప్పిచ్చినవాని దోపిడీకి ఆసుపత్రిలో మందు లేదు. అయితే తినిపించి, పండుకొనబెట్టి, మందు డబ్బా దాచి, వైద్యునియొద్దకు వెంటబోయి యుంటే ఆ అప్పుతో పోరాడుటకు మనిషి మిగిలి యుండును. వాడు మిగులలేదు.

చనిపోయిన మరునాడు ఇంకొక పాపము చేసితిని. ఆత్మహత్య చేసికొన్నవానికి సమాధుల దొడ్డిలో చోటియ్యగూడదని పెద్దలనిరి. నేను నోరు మెదపలేదు. వాగు ఒడ్డున పూడ్చిరి. వాని భార్య నాటినుండి మందిరమునకు రాలేదు. రమ్మని పిలుచుటకు నాకు ముఖము చాలలేదు.

ఈ ఆచారము ఇంకను కొన్ని సంఘములలో నున్నదని విని చెప్పుచున్నాను. 2017లో చేయబడి 2018 మే 29 నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రాణము తీసికొనబోయినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నుండెనని యెంచి, వానికి శిక్ష కాదు, సంరక్షణ ఇయ్యవలెనని చెప్పుచున్నది. 2024 జూలై 1న వచ్చిన క్రొత్త నేరచట్టములో ఆత్మహత్యాయత్నమును శిక్షించు పాత 309వ సెక్షను లేనేలేదు. పోలీసువాడు విడిచిన మనిషిని సంఘపెద్ద పట్టుకొని శిక్షించుచున్నాడు, అదియు చచ్చిన తరువాత. ఫిలిప్పీ చెరసాల నాయకుడు కత్తి దూసి తన్ను తాను చంపుకొనబోయినప్పుడు, ఆ రాత్రి కాళ్లకు బొండ వేయబడిన పౌలు చేసిన మొదటి పని పెద్దగా కేక వేసి వానిని ఆపుట. రక్షణ బోధ ఆ తరువాత వచ్చెను. ఆ రాత్రియే ఆ నాయకుడు పౌలు గాయములు కడిగెను. మనమైతే వాడు బాప్తిస్మము పొందునా, సమాధి యెక్కడ అని ముందు చర్చింతుము.

అదే చట్టము రోగిని ఏ విధముగానైనను గొలుసులతో కట్టగూడదని నిషేధించుచున్నది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కోరి వచ్చినవారిని గొలుసులతో కట్టి ఉంచిన ఒక శాలలో నిప్పంటుకొని 28 మంది తప్పించుకొనలేక కాలిపోయిరి. అది వేరొక మతమువారి పుణ్యక్షేత్రపు ఊరని మనము ఊపిరి పీల్చుకొనవద్దు. మన ప్రార్థన గృహములలో కిటికీ ఊచకు కట్టిన తాడును నేను చూచితిని. దానిని విప్పుమని అడిగినందుకు నన్ను అవిశ్వాసి యనిరి.

మన క్రైస్తవులలోనే వేరొక త్రోవ త్రొక్కినవారున్నారు. మనవారు వేలూరు పోవుదురు గదా; అక్కడి మిషను వైద్యశాలవారు బాగాయములో 1957లో మానసిక వైద్యకేంద్రము తెరచినప్పుడు, రోగితో కూడ ఇంటివారు వచ్చి ఉండి వానిని కనిపెట్టు పద్ధతి పెట్టిరి. భారతదేశమంతట తిరిగి సువార్త చెప్పిన స్టాన్లీ జోన్సు గారు, తానే తొలి యేండ్లలో మనస్సు చితికి మంచము పట్టినవాడు, 1950లో లక్నోలో నూర్ మంజిల్ అను మానసిక వైద్యశాలను స్థాపించిరి. ఇంకను వెనుకకు పోయిన, ఆంగ్ల కీర్తనకారుడైన విలియం కూపరు దేవుడు తన్ను నిత్యముగా విడిచెనని నమ్మి పలుమార్లు చావబోయెను. 1773లో రోగము తిరుగబెట్టినప్పుడు, జాన్ న్యూటను పాదిరిగారు వానిని తన యింటిలో ఒక సంవత్సరమునకు పైగా ఉంచుకొనిరి. మేరీ అన్విన్ అను విధవరాలు వానిని కనిపెట్టి చూచుకొనెను. తాను పక్షవాతముతో పడువరకు ఆ పని మానలేదు. కూపరు పూర్తిగా బాగుపడలేదు. అయినను ఆమె వానికి విశ్వాసము లేదని చెప్పి లేచిపోలేదు. ఆమె చదువుకొన్న నర్సు కాదు, జీతము లేదు, సాక్ష్యము చెప్పుటకు అద్భుతమును లేదు.

కొందరు పెద్దలు నాకు చెప్పిరి: అయ్యగారూ, ఇట్లు మాటలాడిన యెడల జనులకు ప్రార్థనమీద నమ్మకము పోవును. నేను ఆ తల్లి మంచము ప్రక్క ప్రార్థన చేసితిని, నేడును చేయుచున్నాను. గెత్సేమనేలో ప్రభువు మరణమగునంత దుఃఖములో నుండి ముగ్గురు శిష్యులను అడిగినది తనతో కూడ మెలకువగా నుండుమని. వారు నిద్రపోయిరి. నేటికిని నిద్రపోవుచున్న మనము, లేపినవానిని ప్రార్థనకు శత్రువనుచున్నాము.

మా సంఘములో నేను చేసినది కొంచెమే. ఆ సహోదరి ప్రతి రెండవ ఆదివారము ఆరాధన తరువాత, రోగిని ఇంటిలో కనిపెట్టు విధమును నేర్పుచున్నది. మొదటిసారి వచ్చినవారు నలుగురు, వారిలో ఒకరు నా భార్య. సమాధుల దొడ్డి సంగతి పెద్దల కూటములో పెట్టితిని. ఇంకను తీర్మానము కాలేదు, ఇద్దరు లేచిపోయిరి. వాగు ఒడ్డున పూడ్చబడినవాని భార్య యింటికి పోయితిని. ఆమె నాకు మంచినీళ్లిచ్చెను, లోపలికి రమ్మనలేదు.

2022 అక్టోబరులో ప్రభుత్వము టెలి మానస్ అను పేర ఒక ఫోను ఏర్పాటు చేసెను. సంఖ్య 14416. రాత్రింబగళ్లు పనిచేయును, డబ్బు లేదు, తెలుగులో మాటలాడవచ్చును. దానిని మందిరపు తలుపు లోపలి తట్టున సుద్దతో పెద్ద అంకెలుగా వ్రాసితిని. పోయిన వారము ఎవరో తుడిచివేసిరి. మరల వ్రాసితిని, ఈసారి పెయింటుతో. తుడిచినవారు నాతో వాదింపగోరిన యెడల సాయంకాలము ఆరు గంటల తరువాత నేను ఇంటనే యుందును.